రెండుసార్లు డిశ్చార్జి అయిన మనిషి: గుండెపోటు తర్వాతి భయం గురించి ఒక కేస్ స్టడీ

తిరుపతిలో ఒక ఆసుపత్రి గుండె జబ్బుల వార్డులో 16 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఎంతోమందిని డిశ్చార్జి చేసి ఇళ్లకు పంపించాం. ఈ ఒక్క కేసే ఎందుకు రాస్తున్నానంటే, ఈయన్ని మేం మూడు వారాల్లో రెండుసార్లు డిశ్చార్జి చేశాం. జబ్బు అదే, స్టెంటు అదే, వెళ్లే ఇల్లూ అదే. పంపించిన తీరు మాత్రం మారింది. దానివల్ల ఏం తేడా వచ్చిందో దగ్గరుండి చూశాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఇద్దరూ ఒప్పుకున్నారు.

నేపథ్యం

54 ఏళ్ల రైతు. చిత్తూరు వైపు ఒక పల్లె. నాలుగు జెర్సీ ఆవులు, కొంచెం మామిడి తోట. షుగరు లేదు. బీపీ ఉందని తెలిసినా మాత్ర వాడేవారు కాదు. రోజుకో కట్ట బీడీలు. ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి పాలు పితుకుతుండగా గుండెల మీద బండ పెట్టినట్టు నొప్పి, ఒళ్లంతా చెమటలు. గ్యాస్ అనుకుని సోడా తాగి గంటసేపు పడుకున్నారు. ఆర్‌ఎంపీ ఇంజెక్షనూ అయింది. చివరికి దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి, ఆస్పిరిన్ వేసి, 108లో తిరుపతికి పంపారు.

గుండె ముందు భాగానికి రక్తం తీసుకెళ్లే నాళం పూర్తిగా మూసుకుపోయింది. మణికట్టు దగ్గర్నుంచి యాంజియోప్లాస్టీ చేసి, అంటే మూసుకుపోయిన నాళాన్ని లోపలి నుంచి తెరిచి, అది తెరుచుకునే ఉండేలా ఒక స్టెంటు (చిన్న లోహపు జాలీ గొట్టం) వేశారు. ఎన్‌టీఆర్ వైద్యసేవ కింద చికిత్స. ఎకో (గుండె స్కాన్)లో ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కో కొట్టుకు తనలోని రక్తంలో ఎంత బయటికి తోస్తోందన్న లెక్క, 45 శాతం వచ్చింది. కాంప్లికేషన్లేవీ లేవు. ఐదో రోజు డిశ్చార్జి.

ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నది నేనే. క్యాజువాలిటీలో ఇంకో పేషెంటు బెడ్ కోసం ఎదురుచూస్తున్నారు. పథకం కాగితాల మీద సంతకాలు, ఫొటో, ఇంగ్లిషులో డిశ్చార్జి సమ్మరీ, మందుల కవరు. "ఇది పొద్దున, ఇది రాత్రి, ఇది రెండు పూటలా. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, టెన్షన్ పడొద్దు. నెల తర్వాత రండి." ఆయనతో నేను మాట్లాడింది పది నిమిషాలుంటుందేమో. అన్నిటికీ తల ఊపారు. అర్థమైందనుకున్నాను.

మళ్లీ వచ్చిన తీరు

డిశ్చార్జి అయిన మూడో రోజు రాత్రి మళ్లీ వచ్చారు. ఏడో రోజు, పదకొండో రోజు కూడా. మూడుసార్లూ ఆయాసం, దడ, అరచేతుల్లో చెమట. మూడుసార్లూ ఈసీజీలో కొత్త మార్పు లేదు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపొనిన్ పెరగలేదు. రెండుసార్లు కాసేపు ఉంచి పంపేశారు. మూడోసారి డ్యూటీ డాక్టరు "ఏమీ లేదు, అంతా టెన్షనే" అన్నారు. అప్పుడు ఆయన భార్య అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

"ఏమీ లేదంటారే మా, ఏమీ లేకపోతే ఈయన రాత్రంతా గోడకానుకొని ఎందుకు కూర్చోనుంటాడు?"

ఆమె అడిగింది నిజమే. గుండెలో కొత్తగా ఏమీ లేదన్నంత మాత్రాన మనిషికి ఏమీ లేనట్టు కాదు. మా కార్డియాలజిస్టు ఆయన్ని మూడు రోజులు వార్డులో ఉంచమన్నారు. ఈసారి డిశ్చార్జి ప్లాను నేను చూసుకుంటానని అడిగి తీసుకున్నాను.

ముందు మేం చేసినవి, ఎందుకు పనిచేయలేదంటే

రెండో విజిట్లో రాత్రికి చిన్న డోసు నిద్రమాత్ర రాశారు. రెండు రాత్రులు పడుకున్నారు, మూడో రాత్రి నుంచి మానేశారు. ఎందుకు మానేశారని అప్పుడు ఎవరూ అడగలేదు. నేను అడిగితే చెప్పారు: "నిద్దర్లోనే పోతే ఇంట్లోవాళ్లకి తెల్లారిందాకా తెలీదు గదా సిస్టర్." ఆయన భయమే నిద్ర గురించి. దానికి మందుగా మేం ఇచ్చింది నిద్రమాత్ర!

తెలుగులో అచ్చువేసిన కరపత్రం ఒకటి ఇచ్చాం. చేయకూడనివే అందులో ఎక్కువ. ఆయన భార్య దాన్ని ఫ్రిజ్ మీద అంటించి ఒక్కో లైను అమలు చేయడం మొదలుపెట్టారు. మంచం దిగితే కోప్పడేవారు, గట్టిగా మాట్లాడితే కోప్పడేవారు. కొట్టం వైపు అసలు పోనివ్వలేదు. పశువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి పదిరోజులు ఆవుల మొహం చూడకుండా మంచం మీదే ఉన్నారు.

శ్వాస మీద ధ్యాస పెట్టే వ్యాయామం నేనే నేర్పించాను. ఎంతోమందికి పనిచేసింది కదా అనుకున్నాను. ఈయనకు ఎదురు తిరిగింది. అప్పటికే రోజంతా నాడి పట్టుకుని చూసుకునే మనిషి. కొడుకు ఆన్‌లైన్లో తెప్పించిన బీపీ మిషన్‌తో రోజుకు పదిహేను, ఇరవై సార్లు చూసుకునేవారు. అలాంటి మనిషిని ఇంకాస్త లోపలికి చూసుకోమన్నాను. దడ పెరిగింది. వెంటనే ఆపేశాం. ఒళ్లు చెప్పే ప్రతి కబురూ భయంగా వినపడుతున్నప్పుడు ముందు ఆ కబురుకు అర్థం తెలియాలి. ధ్యాసకు సంబంధించిన వ్యాయామాలు ఆ తర్వాతే.

"భయపడొద్దు, ఏం కాదు" అని అందరం అన్నాం. మేం అన్న ప్రతిసారీ ఆయన మొహం ఇంకొంచెం ముడుచుకుపోయేది.

కుర్చీ వేసుకుని కూర్చున్న సాయంత్రం

చేరిన రోజు సాయంత్రం విజిటర్ల టైం అయిపోయాక ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముందు ఆందోళన ఎంతుందో కొలిచే గ్యాడ్-7 అనే ప్రశ్నావళి. 7 ప్రశ్నలు, మొత్తం స్కోరు 21. భార్యను బయటికి పంపి అడిగాను. భార్య ముందు అడిగితే మగవాళ్లు చాలామంది అన్నిటికీ "లేదు" అనేస్తారు. స్కోరు 15 వచ్చింది. తీవ్రమైన ఆందోళన కిందే లెక్క.

తర్వాత ఒక్క ప్రశ్న అడిగాను. "అన్నా, ఇరవైనాలుగ్గంటల్లో ఏ టైం కష్టంగా ఉంటుంది?"

ఆలోచించకుండానే చెప్పారు. మూడున్నర నుంచి నాలుగున్నర దాకా. ఆవులు అరిచే వేళ. నొప్పి వచ్చిన వేళ. ఆ టైంకు ముందే లేచి కూర్చుని, మళ్లీ వస్తుందేమోనని కాచుకుని ఉంటారట.

మొదటి డిశ్చార్జికి ముందు రోజు సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఐసీసీయూ (గుండె రోగుల ఐసీయూ) నుంచి వార్డుకు మార్చినప్పుడు ఛాతీ మీది తీగలు తీసేశాం. మా లెక్కలో అది శుభవార్త. ఆయన లెక్కలో కాపలా తీసేయడం. "ఆ మిషన్ కుయ్ కుయ్‌మంటా ఉంటే నిద్ర పట్టేది కాదు. తీసేసినాక ఇంకా పట్టలా. ఆగిపోతే ఎవరికి తెలుస్తాది?" ఆ మర్నాడే ఇంటికి పంపేశాం.

ఐసీయూలో నిద్ర లేకపోవడం, తిండి తగ్గడం, తెలియని చప్పుళ్ల మధ్య పడుకోవడం, వీటన్నిటి వల్ల డిశ్చార్జి తర్వాత కొన్ని వారాలు మనిషి బలహీనంగా ఉంటాడని, ఆ స్థితికి పోస్ట్ హాస్పిటల్ సిండ్రోమ్ అని అమెరికా కార్డియాలజిస్టు హార్లాన్ క్రమ్‌హోల్జ్ 2013లో పేరు పెట్టారు. ఆ మాట చదివాను, ట్రైనింగ్‌లో విన్నాను. నా పేషెంటుకు అదే జరుగుతుంటే మాత్రం గుర్తుపట్టలేదు.

ఇంకో రెండు సంగతులు తేలాయి. గుండెపోటు వచ్చిన రోజు నుంచి బీడీ ముట్టలేదు. చాలా మంచిదే. కానీ ముప్పై ఏళ్ల అలవాటు ఒక్కరోజులో మానేస్తే రెండు నుంచి నాలుగు వారాలు చిరాకు, నిద్రలేమి, గాభరా ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇక రెండోది, 45 శాతం. కొడుకు డిశ్చార్జి సమ్మరీ చదివి "నాయనా, నీ గుండె 45 శాతమే పనిచేస్తా ఉంది" అని చెప్పాడు. నూటికి నలభై ఐదంటే సగం కూడా లేదు కదా! మిగతాది చచ్చిపోయిందని ఆయన పదిరోజులుగా నమ్ముతున్నారు.

కాగితం మీద గుండె బొమ్మ గీశాను. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా తనలోని రక్తాన్ని మొత్తం బయటికి తోయదు, ఒక్కో కొట్టుకు 55 నుంచి 70 శాతం దాకా తోస్తుంది, కొంత లోపల ఉంచుకుంటుంది, కాబట్టి మీ 45ను 100తో పోల్చకూడదు, 55తో పోల్చాలి అన్నాను. కొంచెం తగ్గింది, మందులతో కొందరికి మళ్లీ పెరుగుతుంది, ఆరు వారాలకు ఎకో తీసి చూద్దాం అన్నాను. ఆయన బొమ్మ వైపు చాలాసేపు చూశారు.

"అంటే, పొదుగులో దూడకు కొంచెం వదిలినట్టా?"

అవునన్నా, అట్లాగే, అన్నాను. ఆ పోలిక నాకు జన్మలో తట్టేది కాదు. ఆ తర్వాత వార్డులో పాడి రైతులు ఎవరొచ్చినా ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఆయన మాటల్లోనే చెబుతున్నాను.

ఆయాసం సంగతి

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. భయం అని ముద్ర వేసేశాక మనం వెతకడం మానేస్తాం. ఈ కేసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆయాసం ఎప్పుడెప్పుడు వస్తుందో భార్యతో పాటు కూర్చుని రాసుకున్నాం. నడిస్తే రావడం లేదు. ఖాళీగా కూర్చున్నప్పుడు, అదీ ఎక్కువగా రాత్రి మాత్రలు వేసుకున్న గంట, రెండు గంటల తర్వాత. ఆక్సిజన్ 98. ఊపిరితిత్తుల్లో నీరు లేదు. వెల్లకిలా పడుకున్నా పెరగడం లేదు. గుండె బలహీనత వల్ల వచ్చే ఆయాసమైతే ఇలా ఉండదు.

ఆయన రెండు పూటలా వేసుకుంటున్నది టికాగ్రెలర్. స్టెంటులో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో కలిపి ఇచ్చే మందు. కొంతమందికి మొదటి రోజుల్లో దానివల్ల ఊపిరి అందనట్టుగా ఉంటుంది. గుండెకూ ఊపిరితిత్తులకూ హాని లేదు, చాలామందిలో తేలిగ్గానే ఉండి దానంతటదే తగ్గుతుంది. ఈ విషయం ముందే చెప్పి పంపాల్సింది.

అనుమానం వచ్చి మందుల కవరు తెప్పించాను. పదకొండు రోజులకు ఇరవై రెండు మాత్రలు అయిపోవాలి. ఏడు మాత్రలు ఎక్కువ మిగిలాయి. నా గుండె ఝల్లుమంది. రాత్రి మాత్ర వేసుకుంటే ఆయాసం వస్తోందని ఆయన తనంతట తానే కనిపెట్టారు. కనిపెట్టింది నిజం కూడా. అందుకని చాలా రాత్రులు వేసుకోలేదు. స్టెంటు మూసుకుపోయే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మొదటి నెలలోనే. మేం మూడుసార్లు ఈసీజీ తీశాం, మూడుసార్లు రక్తం తీశాం, ఒక్కసారీ మాత్రలు లెక్కపెట్టలేదు.

కార్డియాలజిస్టు ముందు రెండు దారులున్నాయి. ఇది మందు వల్లే, తగ్గిపోతుంది అని నచ్చజెప్పి అదే కొనసాగించడం, లేదా అదే పనికి వాడే ఇంకో మందు క్లోపిడోగ్రెల్‌కు మార్చడం. మామూలుగా అయితే మొదటిదే. ఇంత పెద్ద గుండెపోటు తర్వాత టికాగ్రెలర్‌కే మొగ్గు. కానీ ఈయన ఇప్పటికే డోసులు వదిలేస్తున్నారు. ఊపిరి ఆడటం లేదనిపిస్తే ఎంత చెప్పినా రేపు మళ్లీ వదిలేయవచ్చు. కాగితం మీద మెరుగైన మందు కంటే మనిషి రోజూ మింగే మందే ఆయన్ని కాపాడుతుందన్నది డాక్టరుగారి లెక్క. ఆసుపత్రిలో ఉండగానే తగిన మొదటి డోసుతో మార్చారు. రెండు రోజుల్లో ఆయాసం తగ్గింది. ఇది డాక్టరు చూసి చేయాల్సిన మార్పు. దీన్ని చదివి ఎవరూ సొంతంగా మందు ఆపకూడదు, మార్చకూడదు.

ఆయాసం తగ్గినా మూడున్నరకు మెలకువ రావడం మానలేదు. భయానికి ఇంకో వేరు ఉందన్నమాట.

భార్య చెయ్యి

ఆ వేరు రెండో రాత్రి దొరికింది. నైట్ డ్యూటీ సిస్టర్ చూసి చెప్పింది. ఆయన నిద్రపోతుంటే ఆవిడ కింద చాప మీద నుంచి లేచి, ఊపిరి ఆడుతోందో లేదోనని ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తోంది. రాత్రికి ఏడెనిమిదిసార్లు. ఇంట్లోనూ అంతే. ఆ చెయ్యి తగిలి ఆయనకు మెలకువ, కళ్లు తెరవగానే ఎదురుగా ఆవిడ భయపడిన మొహం. దాంతో దడ మొదలు.

అప్పటిదాకా మేం పేషెంటుకే ప్లాను వేస్తున్నాం. ఆ రాత్రి నుంచి ఇద్దరికీ వేశాం. ఆవిడతో విడిగా మాట్లాడితే చాలాసేపు ఏడ్చింది. మొదటి రోజు సోడా కలిపి ఇచ్చింది తనేనట. ఆ గంట తన వల్లే పోయిందని ఎవరికీ చెప్పకుండా మోస్తోంది. అది ఆమె తప్పు కాదని, గుండెపోటును గ్యాస్ అనుకోవడం రోజూ చూస్తుంటామని చెప్పాను. దాంతోపాటు ఈసారి ఏం చేయాలో చేతికి ఇవ్వాలి. ఉత్త ఓదార్పు ఆమెకు సరిపోదు.

రెండో డిశ్చార్జి

రాత్రి కాగితం ఒకటి తయారుచేశాం. నేను చెబుతుంటే ఆవిడే తన చేతిరాతతో రాసింది. ఏడో తరగతి చదువుకుంది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. మొదటిసారి వచ్చినట్టు ఛాతీలో బరువు, చెయ్యికో దవడకో పాకే నొప్పి, చెమట ఉంటే: కూర్చోబెట్టి, నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వదులు చేసే మాత్ర) పెట్టాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడి కళ్లు తిరగొచ్చు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. బైకు మీద కూర్చోబెట్టి తీసుకురాకూడదు. నొప్పి లేకుండా ఉత్త దడ, గాభరా అయితే: లేచి కూర్చుని నీళ్లు తాగి పది నిమిషాలు చూడాలి, వార్డు నంబరుకు ఫోను చేయాలి. వేలితో చూపించగలిగే చోట, నొక్కితేనో ఊపిరి పీలిస్తేనో పెరిగే పోటు అయితే: పొద్దున ఫోను చేయొచ్చు. ఏదో తేల్చుకోలేకపోతే మొదటిదే పాటించాలి. షుగరు ఉన్నవాళ్లలో గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు కాబట్టి వాళ్లకు ఈ కాగితం ఇలాగే ఇవ్వం.

తర్వాత ఇద్దరితో ఉత్తుత్తి ఫోను చేయించాను. 108కి ఏ గుర్తు చెబుతారు అంటే ఆయన "రామాలయం" అన్నారు, ఆవిడ "పాల కేంద్రం" అంది. రామాలయం వీధిలోకి అంబులెన్సు తిరగదట. పాల కేంద్రమే ఖాయం చేశాం.

మూడో రోజు పొద్దున మెట్లు. ఫిజియోథెరపిస్టు ఒక పక్క, నేను ఒక పక్క, వేలికి పల్స్ మీటరు. కింద 70. రెండంతస్తులు నిదానంగా ఎక్కాక 98. ఆయన ఆ అంకె చూసి రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నారు. "ఏమీ చేయొద్దన్నా, అంకె చూస్తూ ఉండండి" అన్నాను. 94, 88, 81. నాలుగు నిమిషాల్లో 74. ఎవరూ ముట్టుకోకుండా, మందు వేయకుండా దానంతటదే దిగింది. ఆయన ఆ మీటరును నా చేతికిస్తూ "దిగింది మా" అన్నారు. మేం వారం రోజులు చెప్పిన ధైర్యం కంటే ఆ నాలుగు నిమిషాలు ఎక్కువ పనిచేశాయని నా నమ్మకం. మొదటి డిశ్చార్జిలో మెట్లెక్కొద్దని చెప్పి పంపాం. ఎక్కితే ఏమవుతుందో మా కళ్లముందు ఒక్కసారి చూపించి పంపాల్సింది.

"వద్దు"లన్నిటికీ తేదీలు వేశాం. ఇంట్లో గోడకు శ్రీవారి క్యాలెండరు ఉంది, దానిమీదే రాసుకుంటామన్నారు. ఇంటికెళ్లిన మర్నాడే కొట్టంలో కుర్చీ వేసుకుని కూర్చోవడం. నడక రోజుకు రెండుసార్లు పది నిమిషాలతో మొదలు. నాలుగో వారం ఒక ఆవు పాలు. పాల క్యాను మోయడం, గడ్డి కోయడం ఆరు వారాల ఎకో తర్వాత. బీపీ రోజుకు రెండుసార్లే, మిషన్ కొడుకు దగ్గర ఉంటుంది. తిండి గురించి పెద్దగా గొడవ లేదు. రాగి సంకటి మానక్కర్లేదు, ఊరగాయ మానాలి.

దాంపత్యం గురించి డాక్టరుగారు ఆయనతో ఒంటరిగా మాట్లాడారు. రెండంతస్తులు ఇబ్బంది లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా భయం లేదని, సార్బిట్రేట్ వాడేవాళ్లు వయాగ్రా లాంటి మాత్రలు ముట్టకూడదని. పేషెంట్లు అడగరు. మనమే చెప్పాలి.

ఇక మొక్కు. ఐసీసీయూ బయట కూర్చున్నప్పుడు ఆవిడ మొక్కుకుంది, ఈయన బతికితే ఇద్దరం అలిపిరి మెట్ల మీదుగా నడిచి కొండకు వస్తామని. 3550 మెట్లు. ఎక్కితే ఏమవుతుందోనని భయం, ఎక్కకపోతే స్వామికి కోపం వస్తుందేమోనని భయం. ఇలాంటివి మా పని కాదని పక్కన పెట్టేస్తాం. తిరుపతిలో పనిచేస్తూ అలా పక్కన పెట్టడం తప్పని నాకు అనిపిస్తుంది. గుండె జబ్బులున్నవాళ్లు నడక దారిన రావద్దని దేవస్థానమే భక్తులకు చెబుతూ ఉంటుందని గుర్తుచేశాను. ఎట్లా తీర్చుకోవాలో మీరే ఆలోచించుకోండి అన్నాను. మర్నాటికి వాళ్లే తేల్చుకున్నారు: మూడు నెలల తర్వాత డాక్టరు సరే అంటే బస్సులో వెళ్లి ఆయన తలనీలాలు ఇస్తారు, మెట్ల మొక్కు కొడుకు తీరుస్తాడు.

ఆఖరి రాత్రి వార్డులో మానిటర్ లేకుండా పడుకోబెట్టాం, ఆవిడను పక్క గదిలో పడుకోమన్నాం. ఆవిడ నిద్రపోయింది. ఆయన మూడున్నరకు లేచి, నీళ్లు తాగి, మళ్లీ పడుకున్నారు.

తర్వాత

రెండో రోజు, ఏడో రోజు, పధ్నాలుగో రోజు మేమే ఫోను చేశాం. రాత్రి మాత్ర వేసుకున్నారా అని అడగలేదు, స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో చెప్పమని అడిగాం. రెండు వారాలకు గ్యాడ్-7 స్కోరు 9, ఆరు వారాలకు 5. నాలుగు వారాలకూ తగ్గకపోయినా, బతుకు మీద విరక్తి మాటలు వినపడినా సైకియాట్రిస్టుకు చూపించాలని ముందే రాసుకున్నాం. అవసరం రాలేదు. ఎమర్జెన్సీకి మళ్లీ ఒక్కసారి వచ్చారు, ఐదో వారంలో, ఛాతీలో బరువుగా ఉందని, 108లోనే. ఈసీజీ, ట్రోపొనిన్ మామూలుగానే ఉన్నాయి. రావడం సరైన పని అని గట్టిగా చెప్పి పంపాను. ఆరు వారాల ఎకోలో 50 శాతం.

ఇదంతా డిశ్చార్జి ప్లాను వల్లే అని నేను అనలేను. మందు మారింది, బీడీ మానేసిన గాభరా టైముతో తగ్గింది, రోజులు గడిచాయి. కానీ మందు మార్చాలని తెలిసింది మాత్రలు లెక్కపెట్టినందువల్ల, మాత్రలు లెక్కపెట్టింది డిశ్చార్జికి మూడు రోజులు కేటాయించినందువల్ల.

ఇప్పుడు మా వార్డులో డిశ్చార్జి మాటలు రెండో రోజే మొదలుపెడుతున్నాం. ఇంట్లో రాత్రి పక్కన పడుకునే మనిషి ఎవరో కనుక్కుని, వాళ్లు వచ్చేదాకా ముఖ్యమైన సంగతులు చెప్పడం లేదు. ఆయాసం తెప్పించగల మందు ఇస్తే ఆ మాట ముందే చెబుతున్నాం. మెట్ల పరీక్ష డాక్టరు ఒప్పుకున్న ప్రతి ఒక్కరికీ చేస్తున్నాం, ఆదివారాలు తప్ప. ఆదివారం ఫిజియోథెరపిస్టు ఉండరు, ఆ రోజు డిశ్చార్జి అయ్యేవాళ్లు మెట్లు చూడకుండానే వెళ్లిపోతున్నారు. శనివారం సాయంత్రమే చేసేద్దామని అడిగాను, ఇంకా కుదరలేదు.